కడిగి తెచ్చిన జాయింటు

రాళ్ళలో తిరిగే బగ్గీకి, అంటే ఇనుప గొట్టాలతో కట్టిన చిన్న మోటారు బండికి, యూ-జాయింటు ఇరుసు పెట్టాలా, సీవీ జాయింటు ఇరుసు పెట్టాలా అని ఎవరైనా అడిగితే నేనిప్పుడు వెంటనే జవాబు చెప్పను. ఆ బండిని ఎవరు కడుగుతారు అని అడుగుతాను. సలహా కోసం నా దగ్గరికి వచ్చే కొత్త ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పెద్దాయనకు మతి తప్పిందనుకుంటారు కాబోలు. అనుకోనీండి. కొత్తూరులో ఒక కార్ఖానాలో ముప్ఫై ఆరేళ్ళు ఇరుసులు తయారుచేశాను. విరిగి వెనక్కి వచ్చినవాటిని పరీక్షించి ఎందుకు విరిగాయో తేల్చాను. అయినా ఆ ప్రశ్న నాకు రిటైరై అత్తాపూర్‌లో ఇంటిపట్టున కూర్చున్నాకే తట్టింది. అప్పటికే నా నోటి మూలంగా ఒక మంచి మనిషి చేతిలోంచి బండి తాళం పోయింది.

నా ప్రమోషన్లూ సన్మానాలూ మీకు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి మాత్రం పూర్తిగా చెబుతాను. రేపు విరిగిన ముక్కను పట్టుకుని మీ ముందు కూడా ఎవరో ఒకరు నిలబడతారు.

ముందు ఆ రెండూ ఏమిటంటే

ఇంజిను తిప్పే బలం చక్రానికి చేరాలి. చక్రం గుంటలో దిగుతుంది, రాయి ఎక్కుతుంది. అంటే ఇరుసు తిరుగుతూనే వంగాలి కూడా. అలా వంగడానికే రెండు చివరలా జాయింట్లు ఉంటాయి.

యూ-జాయింటు పాతకాలపు మనిషి. రెండు ఫోర్కుల మధ్య ఒక ఇనుప సిలువ, అంతే. గ్యారేజీల్లో దాన్ని క్రాస్ అంటారు. గ్రీసు కొట్టడానికి దానికో చిన్న నిప్పల్ ఉంటుంది. అరిగిపోతుంటే టక్కు టక్కుమని ముందే గోల పెడుతుంది. దాని చెడ్డ గుణం ఒకటే. వంగి తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. ఇరుసు రెండు చివరలా ఉన్న ఫోర్కులు ఒకే వరసలో ఉంటే ఒక జాయింటు చేసిన తప్పును రెండోది సరిచేస్తుంది. వరస తప్పితే బండి వణుకుతుంది.

సీవీ జాయింటు అలా కాదు. గిన్నెలాంటి ఇనుప తొడుగులో ఉక్కు గోళీలు తిరుగుతాయి. ఎంత వంగినా నున్నగా, ఒకే వేగంతో తిరుగుతుంది. కార్లన్నిటికీ ముందు చక్రాల దగ్గర ఉండేది ఇదే. లోపల గ్రీసు కూరి పైన రబ్బరు బూటు తొడుగుతారు. బూటు బాగున్నన్నాళ్ళూ దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. బూటు చిరిగితే ఇసుక లోపలికి దూరి గోళీలను నమిలేస్తుంది.

పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది.

ఖాదర్ సాబ్ బల్ల

నాకు పని నేర్పినవాడు ఖాదర్ సాబ్ అని మా సూపర్‌వైజరు. విరిగి వచ్చిన ముక్కలన్నీ ముందు ఆయన బల్ల మీదికే చేరేవి. చేరిన మొదటి నెలలో నేనొక లారీ షాఫ్టును కిరోసిన్‌తో గంటసేపు తోమి, తళతళలాడించి, మెచ్చుకుంటాడని ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వాసన చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"సాక్షి నోరు కడిగేసినవ్ గద బేటా," అన్నాడు. "గ్రీసు ఎంత ఎండిందో, మట్టి ఏడికెల్లి దూరిందో ఇగ ఎవర్ని అడగాలె?"

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పాడు. "ముందుగాల ముక్కను చూడు. తర్వాత మనిషిని అడుగు. రెండూ చెయ్యాలె."

మొదటి సగం నా బుర్రలో బాగా నాటుకుంది. రెండో సగాన్ని నేను మెల్లగా వదిలేశాను. ముక్క ఎదురు చెప్పదు. మనిషి నీళ్ళు నములుతాడు, కథలు చెబుతాడు, మధ్యలో ఇంటి కష్టాలు ఎత్తుకుంటాడు. పదేళ్ళు గడిచేసరికి డ్రైవర్లను అడగడమే మానేశాను. ముక్క చూసి తప్పెవరిదో చెప్పేస్తాడని కార్ఖానాలో నాకు పేరొచ్చింది. ఆ పేరు నాకు మహా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే, ఎంతమంది గురించి ఎంత తేలిగ్గా నోరు పారేసుకున్నానో అని మనసు కలుక్కుమంటుంది.

సుగుణమ్మగారి రాళ్ళ చేను

రిటైరైన మరుసటి ఏడు సుగుణమ్మగారు ఫోన్ చేశారు. శంషాబాద్‌లో స్పేర్ పార్టుల దుకాణం ఆయన నా నంబరు ఇచ్చాడట. ఊళ్ళో భూములు ఏర్‌పోర్టుకూ రోడ్లకూ పోగా ఆమె కుటుంబానికి మిగిలింది మూడెకరాల రాళ్ళ చేను. జొన్న కూడా సరిగ్గా పండదు. భర్త పోయాక ఆమె ఆ రాళ్ళనే నమ్ముకుని, జల్‌పల్లిలో ఒక వెల్డింగ్ షాపులో నాలుగు బగ్గీలు కట్టించింది. శని, ఆదివారాల్లో సిటీ జనం వచ్చి, డ్రైవరు పక్కన కూర్చుని, గుండురాళ్ళ మీదుగా ఒక చుట్టు తిరిగి, కేకలు పెట్టి వెళ్తారు. చేను అమ్మేసి ప్లాట్లు చేసుకొమ్మని బావగార్లు రోజూ పోరుతున్నారు. బగ్గీలు నడిచినన్నాళ్ళే ఆమె మాట నెగ్గుతుంది. ఇదంతా మొదటి ఫోన్‌లోనే చెప్పింది.

"బండి మస్తు వణుకుతుంది సారు. దిగంగనే నడుం పట్టుకుంటున్నరు. గిట్లయితే ఇగ ఎవరొస్తరు?"

ఏ ఇరుసులున్నాయని అడిగాను. క్రాస్ జాయింటువి అంది.

"ఇంకా అవేనా అమ్మా! అవి ట్రాక్టర్ల కాలం నాటివి. తీయించేసి సీవీ ఇరుసులు పెట్టించండి. వెన్నలా పోతుంది," అన్నాను.

అత్తాపూర్ నుంచి ఫ్లైఓవర్ ఎక్కితే ఆమె చేను దగ్గరికి ముప్పావుగంట. వెళ్ళి చూడలేదు. ఫోన్‌లోనే రోగం పట్టేయగలనన్న పొగరు. నా మాట మీద ఆమె నాలుగు బండ్లకూ ఇరుసులు మార్పించింది. వణుకు పోయింది. "మీ కడుపు సల్లగుండ" అని ఫోన్ చేసి మరీ దీవించింది. నేను కాలరెగరేసుకుని మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

మెచ్చుకోలు

మూడు నెలల తర్వాత ఆమె మా ఇంటికే వచ్చింది. వెంట ఆమె మరిది నర్సింలు. యాభై దాటిన మనిషి. ట్రాక్టరు నడిపి నడిపి భుజాలు గట్టిపడ్డాయి. ఇప్పుడు బగ్గీలకు పెద్ద డ్రైవరు ఆయనే. గుండు ఎక్కుతుంటే ఇరుసు విరిగి, బండి వెనక్కి జారి, పక్కన కూర్చున్న సిటీ అమ్మాయి గడ్డం చీరుకుంది. దవాఖానలో నాలుగు కుట్లు పడ్డాయి. ఆ అమ్మాయి మంచిది, గొడవ చేయలేదు. కానీ ఇంకోసారి ఇలా జరిగితే ట్రాక్ మూసేయాల్సిందేనని బావగార్లు కూర్చోబెట్టి చెప్పారట.

బియ్యం సంచిలోంచి ముక్కలు తీసి నా ముందు పరిచారు. తళతళలాడుతున్నాయి. ఒక్క మట్టి రేణువు లేదు. సంచి అంతా డీజిల్ వాసన.

ఖాదర్ సాబ్ ఉంటే కుర్చీలో కూలబడేవాడు. నేనేమన్నానో తెలుసా? "ఎంత శుభ్రంగా ఉంచారమ్మా! ఇలాంటివాళ్ళు అరుదు," అన్నాను. సుగుణమ్మగారి ముఖం వెలిగింది. "మా నర్సింలే కడుగుతడు," అంది. బూటు ఏదని అడిగితే చిరిగిందని పారేశామన్నారు. జాయింటు ముక్కలైతే బూటు చిరగదా అని నేనే సమాధానం చెప్పుకున్నాను. గిన్నె లోపల గీతలు కనిపించాయి. రాళ్ళలో తిరిగే బండికి అవి మామూలే అనుకున్నాను. గోళీలను పట్టి ఉంచే పంజరం పగిలింది కదా, ఇంకేం చూడాలి?

"గాలిలో ఎగిరి ఒక్కసారిగా దిగితే ఇలా పగులుతుంది. నడిపే చేయి దుడుకుది," అని తీర్పు చెప్పేశాను.

ఆ చేయి నా ఎదురుగానే టీ గ్లాసు పట్టుకుని ఉంది.

"నేను ఎగిరియ్యలే వదినా," అన్నాడు నర్సింలు. నాతో కాదు, ఆమెతో.

"సారు అంత సదువుకున్నోడు, ముప్ఫై ఏండ్లు గిదే పని జేసిండు. ఊకె జెప్తడా?" అంది ఆమె.

ఆయన టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. నేను మాత్రం నా గ్లాసు ఖాళీ చేసి, జాగ్రత్తగా నడపమని ఒక ఉపన్యాసం ఇచ్చి, వాకిలి దాకా సాగనంపాను.

పిల్లిలా నడిపే డ్రైవరు

ఆ వారమే ఆమె నర్సింలు దగ్గర తాళాలు తీసేసుకుంది. గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు హెల్మెట్లు అందించే పని ఇచ్చింది. కొత్తూరు నుంచి వేరే డ్రైవరును తెచ్చుకుంది. నెలన్నర తిరక్కుండా మళ్ళీ ఫోన్.

"సారు, మల్ల ఇరిగింది. జర సూసుకుని పోతుండె గనక ఎవలికి ఏం గాలే. కొత్తాయన పిల్లి లెక్క నడుపుతడు. నేను సొంతంగ సూస్తున్న. మరి గిదెట్ల ఇరిగింది?"

వచ్చి చూస్తానన్నాను. మర్నాడు సోమవారం. పొద్దున్నే బయల్దేరి వెళ్ళాను. ఈ పని ఆరు నెలల క్రితమే చేయాల్సింది.

నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు నర్సింలు బగ్గీలు కడుగుతున్నాడు. నడపనివ్వకపోయినా కడిగే పని మాత్రం ఆయన వదల్లేదు. నీళ్ళతో మట్టి పోగొట్టి, పాత గుడ్డతో తుడిచి, స్ప్రే గన్‌లో డీజిల్ పోసి, కింద పడుకుని బండి అడుగంతా కొట్టాడు. ఇరుసుల మీద, ఆ రబ్బరు బూట్ల మీద ఇంకో రెండు విడతలు ఎక్కువే కొట్టాడు. పసిపిల్లకు నూనె రాసినట్టు బూటు మడతల్లోకి వేలు పెట్టి మరీ రుద్దాడు.

మన దగ్గర సర్వీసింగ్ చేసే ప్రతిచోటా ఇది అలవాటే. కడిగాక అడుగున డీజిల్ కొడితే తుప్పు పట్టదు, నల్లగా మెరుస్తుంది. ట్రాక్టరుకు, లారీకి పెద్దగా నష్టం లేదు. కానీ రబ్బరు డీజిల్‌ను పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఒకనాడు పగులుతుంది. ఆ సందులోంచి గ్రీసు బయటికి, ఇసుక లోపలికి.

"ఎన్నాళ్ళకోసారి కొడతారు నర్సింలుగారూ?" అని అడిగాను. ఆ మనిషిని నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

లేచి నిలబడ్డాడు. "మొదాలు వారానికి ఒక్కసారి. మీరు ఆ దినం శుభ్రంగ ఉన్నయన్న కాంచి వారానికి రెండుసార్లు గొడ్తున్న. ట్రాక్టర్‌కు ఇరువై ఏండ్ల సంది గిట్లనే జేసిన సారు. ఒక్క బోల్టుకు తుప్పు రాలే."

తప్పు పట్టినవాణ్ణీ నేనే, ఆ తప్పును మెచ్చుకుని రెట్టింపు చేయించినవాణ్ణీ నేనే. రెండూ ఒకే గదిలో, ఒకే టీ గ్లాసు పట్టుకుని చేశాను.

సుగుణమ్మగారిని పిలిచి, కొత్త డ్రైవరు కూడా వింటుండగానే చెప్పాను. "ఇరుసు విరిగింది దుడుకు నడపడం వల్ల కాదమ్మా. డీజిల్ వల్ల బూట్లు చివికిపోయాయి. ఈయన చేయి దుడుకుదన్న నా మాట తప్పు."

పైనుంచి విమానం దిగుతోంది. ఆ చప్పుడు పోయాక నర్సింలే అన్నాడు.

"అంటే తప్పు నాదే గద సారు. కొట్టింది నేనే."

"కాదండీ. రబ్బరుకు డీజిల్ తగలకూడదని మీకు చెప్పాల్సింది నేను. ఇరుసు మార్పించిన రోజే చెప్పాలి. మీరు బండిని ప్రేమగా చూసుకున్నారు. నేను మిమ్మల్ని చూడనే లేదు."

సుగుణమ్మగారు గదిలోకి వెళ్ళి తాళం తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన తీసుకోలేదు.

"ఇప్పుడొద్దు వదినా. బండి బాగు గానీ. మల్ల ఏమన్న అయితే మల్ల నా మీదికే వస్తది."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. తగలాలి కూడా.

షెడ్డు మూల

డీజిల్ కొట్టొద్దని చెప్పి, కొత్త బూట్లు తొడిగించి, సీవీ ఇరుసులే ఉంచవచ్చు. చాలామంది ఇంజనీర్లు అదే చేస్తారు. నేను మాత్రం ట్రాక్ అంతా కాలినడకన తిరిగాను. దారంతా గరుసు ఇసుక. గట్ల మీద సర్కారు తుమ్మ, వేలంత ముళ్ళు. ఏ ముల్లు గుచ్చుకున్నా బూటు చిరుగుతుంది. చిరిగిన సంగతి బయటికి తెలిసేలోపు లోపల జాయింటు అయిపోతుంది. తెలిసేది గుండు మధ్యలో, మనిషిని కూర్చోబెట్టుకున్నాక.

సీవీ జాయింటుకు కావలసింది దాని జోలికి పోకపోవడం. యూ-జాయింటుకు కావలసింది రోజూ ఒక చేయి తగలడం. నర్సింలు చేయి ఊరికే ఉండే చేయి కాదు. దానికి తగిన జాయింటు ఏదో నాకప్పుడు అర్థమైంది.

పాత ఇరుసులు ఏం చేశారని అడిగాను. షెడ్డు మూల గోనె కింద ఉన్నాయి. తీసి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఇరుసు మధ్యలో పళ్ళున్న రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. ఊడదీసి మళ్ళీ దూర్చేటప్పుడు ఎవరో వరస చూసుకోలేదు. ఒక చివర ఫోర్కు నిలువుగా, రెండో చివర అడ్డంగా. నాలుగు బండ్లకూ అంతే. ఆ వణుకు జాయింటు తప్పు కానే కాదు. మొదటి ఫోన్ రోజున నేను వచ్చి ఒక్కసారి కింద పడుకుని చూసి ఉంటే, లాగి సరిగ్గా దూర్చి, ఆ పూటే ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ వారమంతా రోజూ వెళ్ళాను. ఇద్దరం కలిసి అన్నిటికీ కొత్త క్రాసులు వేశాం. అవి శంషాబాద్ దుకాణంలోనే దొరుకుతాయి. సుత్తీ, ముక్కను బిగించి పట్టే వైసూ ఉంటే గంట పని. చక్రం మరీ కిందికి వేలాడితే యూ-జాయింటు పట్టేస్తుంది కాబట్టి గట్టి నవారు బెల్టులతో ఆ వేలాడడాన్ని కట్టడి చేశాం. ఊడదీసినా వరస తప్పకుండా రెండు ముక్కల మీదుగా ఒక గీత గీయాలని చెప్పాను. మర్నాడు చూస్తే గీతలన్నీ ముదురు గులాబీ రంగులో ఉన్నాయి.

"మా ఇంటామె గోర్ల రంగు సారు. గీకినా పోదు," అన్నాడు. ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

శుక్రవారం సాయంత్రం ఆయన తాళం అడిగి తీసుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద గుండు ఎక్కించాడు. ఎక్కడా ఎగిరించలేదు. రాయి రాయినీ చూసి, చక్రాన్ని బతిమాలుతున్నట్టు నడిపాడు. ఈ చేతినా నేను దుడుకు చేయన్నది అనుకుంటూ కూర్చున్నాను. పైకి చేరాక ఆ మాటే అన్నాను. ఆయన "కానీయుండ్రి సారు" అని గేరు మార్చాడు.

మీకు చెప్పేది

నేను సీవీ జాయింటును తిట్టడం లేదు. వేగంగా పోయే బగ్గీకి, బూట్లు చూసుకునే మనిషి ఉన్నచోట, ఇప్పటికీ అదే పెట్టమంటాను. నా తగాదా నాతోనే. కోణాలు కొలవడం మీకు కాలేజీలో నేర్పుతారు. బండి కింద ఎవరు పడుకుంటారో, వాళ్ళ చేతికి ఏ అలవాటుందో మీరు వెళ్ళి చూడాలి. ఏదైనా బాగుందని మెచ్చుకునే ముందు అదెలా అంత బాగుందో కూడా అడగండి. ఇంకొకటి. మనిషి ఎదురుగా ఉండగా ముక్కను చూసి తీర్పు చెప్పకండి. నేను పాతికేళ్ళకు పైగా చెప్పాను. వాటిలో ఎన్ని నర్సింలు లాంటివో నాకు తెలియదు, ఇప్పుడు తెలుసుకునే దారీ లేదు.

ట్రాక్ నడుస్తోంది. బావగార్లు ఇప్పటికీ పోరుతూనే ఉన్నారట. సుగుణమ్మగారు ఇప్పుడు నవ్వి ఊరుకుంటోంది.

మొన్న వానలు తగ్గాక నర్సింలు ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. ఒక క్రాస్ టక్కు టక్కుమంటుంటే విరగకముందే తీసేశాడట. చంకలోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీశాడు. నల్లటి గ్రీసు, ఎర్రమట్టి, ఒక గడ్డిపోచ కూడా అంటుకుని కాగితమంతా పాడైపోయింది.

"కడగలే సారు," అన్నాడు. "ఉన్నదున్నట్టే తెచ్చిన. సూడుండ్రి."

చేయి దానివైపు వెళ్ళింది. పాత అలవాటు. వెనక్కి తీసుకుని, పొట్లాన్ని పక్కన పెట్టి, ఆయనకు కుర్చీ వేశాను.

"ముందు మీరు చెప్పండి నర్సింలుగారూ. ఏం జరిగింది?"

ఆయన కూర్చున్నాడు. టీ అందుకుని, ఒక గుక్క తాగి, చెప్పడం మొదలుపెట్టాడు.